ఆటలో కొత్త నియమము

ఆట యనగా నియమమే. గవ్వలు, కాయలు, గీతలు ఇవి యాట కావు. గవ్వలు దొరకనిచోట చింతగింజలను రాతిపై నొకప్రక్క తెల్లబడునట్లు అరగదీసి వేయుదురు. కాయలకు బదులుగా ఒకరు గాజుముక్కలు, ఒకరు పుల్లలు, ఒకరు గులకరాళ్లు పెట్టుకొందురు. పలక లేనిచోట బండపై బొగ్గుతో గీయుదురు. వస్తువులన్నియు మారినను అష్టాచమ్మ అష్టాచమ్మగనే యుండును. నియమమొక్కటి మారినచో మాత్రము 'ఇది మా యాట కాదు' అని లేచిపోవువారు గలరు. ఇంత చిన్నగడులలో ఇంత పట్టుదల యేల యని పెద్దలు నవ్వుదురు. మేమును నవ్వినవారమే. కొన్ని సంవత్సరములుగా మాకా నవ్వు రాకున్నది. ఏల రాకున్నదో చెప్పుటకే యీ నాలుగు మాటలు.

మేము రాయికోడులో పిల్లలకు చదువుచెప్పుకొనువారము. ఈ సీమ నాలుగు భాషల కూడలి. జహీరాబాదు తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలో నుండెను. ఆ సంవత్సరమున రాష్ట్రములను పునర్విభజించినప్పుడు బీదరు మైసూరు రాష్ట్రమునకు పోగా, ఈ తాలూకాలో నధికభాగము మెదకు జిల్లాలో చేరెను. 2016లో సంగారెడ్డి జిల్లా యేర్పడగా అందులోనికి వచ్చెను. ఊళ్లు కదలలేదు, గీతలు కదలినవి. కావున మా పిల్లల యిండ్లలో తెలుగుతోపాటు కన్నడము, దక్కనీ ఉర్దూ, అక్కడక్కడ మరాఠీ వినబడును. కోడండ్ర వెంట భాషలు వచ్చినట్లే ఆటల నియమములును వచ్చినవి. మనము అష్టాచమ్మ యనునది కన్నడమువారికి చౌకాబార. పేరు వేరైనను గడులొక్కటే. నియమములు మాత్రము ఇంటింటికి వేరు.

ఆట తెలియని చదువరుల కొరకు కొంత చెప్పవలెను. నిలువున 5, అడ్డమున 5 గడులు గీసి, నాలుగుప్రక్కల నడిమిగడులందును నట్టనడిమిగడియందును అడ్డగీతలు గీయుదురు. ఆటగాండ్రు నలుగురు, ఒక్కొక్కరికి 4 కాయలు, అందరికిని కలిపి 4 గవ్వలు. గవ్వలన్నియు వెల్లకిల పడిన నాలుగు, అది చమ్మ. అన్నియు బోర్లపడిన ఎనిమిది, అది అష్ట. ఈ రెండింటిలో నేది పడినను మరల వేయుటకు హక్కు గలదు. కాయ తన యింట బయలుదేరి వెలుపలివరుసను చుట్టి, లోపలివరుసలో ప్రవేశించి దానినిగూడ చుట్టి, నట్టనడిమిగడిని చేరినచో 'పండినది' అందురు. త్రోవలో నొకరి కాయ నిలిచిన గడిలోనికి వేరొకరి కాయ వచ్చి పడినచో మొదటిది చచ్చి తిరిగి మొదటినుండి నడవవలెను. అడ్డగీతల గడులలో నున్నదానిని చంపరాదు. కాయ పండుట యను మాటను ఈ యాటకు కూర్చినవారెవరో గాని రసజ్ఞులు.

ఇంతవరకు అందరికిని సమ్మతమే. వివాదము లోపలివరుస వాకిట ఆరంభమగును. ఎదుటివారి కాయ నొక్కటియైన చంపినవానికే లోపలికి ప్రవేశమని కొన్ని యిండ్లలో నియమము. కొన్ని యిండ్లలో అది లేదు. అష్టయో చమ్మయో వరుసగా మూడుమారులు పడినచో ఆ మూడును చెల్లవని కొందరందురు. ఒకరి కాయలు రెండు ఒకగడిలో జతగూడినచో ఒంటికాయ వానిని చంపజాలదని మరికొందరు. 5 గడులు చాలక 7 గడులు గీయువారును గలరు. ఇవన్నియు ఒక్కనాడు పుట్టినవి కావు. ఎవరో యొకరు ఏదో యొక వానకాలపు మధ్యాహ్నమున, ఆడినయాటయే ఆడి విసిగి, 'ఇట్లాడినచో నెట్లుండును' అని చేర్చినవి. ఆట యిట్లే పెరిగినది.

ఒకనాడు మధ్యాహ్నభోజనము ముగిసిన పిమ్మట, బడివసారాలో సుద్దతో గీసిన గడులచుట్టు ముగ్గురు మగపిల్లలును, ఆ యేడే ఆరవతరగతిలో చేరిన పొరుగూరి బాలిక యొకతెయు కూర్చుండి యాడుచుండిరి. ఆ పిల్ల కాయలు పగిలిన ఆకుపచ్చగాజుముక్కలు. ఆమె అడ్డగీతల గడినుండి అడ్డగీతల గడికి వానిని మెల్లగా జరుపుచు, ఎవరిని చంపక, ఎవరిచేతను చావక, నాలుగింటిని వెలుపలివరుస తుదకు తెచ్చెను. మగపిల్లలు ఒకరినొకరు చంపుకొని, ముగ్గురును మొదటికి వచ్చియుండిరి. అప్పుడు వారిలో నొకనికి నియమము జ్ఞప్తికి వచ్చెను.

తగవు మా యొద్దకు వచ్చినది. "సార్, సంపకుండ లోపటికి పోవద్దు గద సార్?" అని వాడడిగెను. మేము పసితనమున మా తాతగారి అరుగుమీద ఆడినది ఆ నియమముతోనే. దానికి ఎదురు చెప్పినవారిని మేము చూచియుండలేదు. కావున చేతిలోని పుస్తకమునుండి తలయెత్తి, "అవును బిడ్డా, అది పాత నియమమే. చంపక లోపలికి పోరాదు" అంటిమి. ఆ పిల్ల, "ముందుగాల ఎవ్వరు చెప్పలే సార్" అనెను. "అందరికి ఎరుకే గద సార్" అని మగపిల్లవాడు. "నాకు ఎరుక లేదు గద" అని ఆ పిల్ల. మేము మరల పుస్తకములోనికి తలవంచితిమి. ఆమె గాజుముక్కలను నాలుగింటిని ఏరి, పరికిణీ కొంగున ముడివైచుకొని పోయెను. ఆ పిమ్మట ఆమె గడులయొద్దకు రాలేదని నాలుగుదినములకు గాని మేము గమనింపలేదు.

మేము చేసినది తప్పని ఆ నాలుగవనాడు తోచినది. ఏమి తప్పో చెప్పుటకు మాత్రము చాలకాలము పట్టినది. ఆ నియమము చెడ్డదా? కాదు. అది లేనిచో భీరువైనవాడు అడ్డగీతల గడులలోనే తలదాచుకొని చివరకు పండిపోవును, ఆటలో చలనముండదు. చంపక పండరాదను మాట వినుటకు క్రూరముగా నున్నను, గడులపై చచ్చునది గులకరాయియే గాని ప్రాణి గాదు. మగపిల్లవాడు నియమమును కల్పించెనా? అదియు లేదు. వాడు అబద్ధమాడలేదు. వాని యింట అది తరతరములనుండి యున్నది. మా యింటను ఉండెను. మరి అన్యాయమెక్కడ నున్నది?

మేము పాతది యను నొక్కమాటతో తీర్పు చెప్పితిమి. పాతదనమునకు ఆటలో నెంత విలువ యున్నదో ముందుగా చూతము. దానికి చతురంగముకంటె మంచి సాక్షి లేదు. మన దేశమున బుట్టి, పారసీకమునకు బోయి, అచ్చటినుండి అరబ్బులకును, వారివలన ఐరోపాకును చేరిన యాట యది. రాజుప్రక్కన నిలుచు మంత్రి ఆ పాతకాలమున మూలగా ఒక్కగడి మాత్రమే జరుగ గలిగెడివాడు. ఐరోపాలో ఆ మంత్రి రాణియయ్యెను. పదునైదవ శతాబ్ది చివర ఆ రాణికి, త్రోవ తెరపియున్నంతవరకు ఏ దిక్కునకైనను ఎన్నిగడులైనను పోవు శక్తిని చేర్చిరి. ఫ్రాన్సు, ఇటలీలవారు దీనిని పిచ్చిరాణి యాట యని వెక్కిరించిరి. మంత్రికే ఆ శక్తినిచ్చి యుండినచో ఆ వెక్కిరింత యుండెడిదా యని మాకు సందేహము. ఎట్లున్నను, అనతికాలములోనే అచ్చట పాతయాట నాడువారు లేకపోయిరి. నేడు ప్రపంచమంతట నాడుచున్నది ఆ పిచ్చిరాణి యాటయే. 2002లో 15 ఏండ్ల ప్రాయమున గ్రాండ్‌మాస్టరు బిరుదమునందిన మన కోనేరు హంపి యాడునదియు అదియే. పాతమంత్రికై కన్నీరు విడుచువారు ఎవరునులేరు.

అదే కాలమున చతురంగమునకు చేర్చిన మరియొక నియమమును తలచుకొన్నప్పుడెల్ల మాకు ముచ్చట కలుగును. ఆట త్వరగా సాగుటకై, బంటు తన తొలియడుగున రెండుగడులు పోవచ్చుననిరి. మంచిదే. కాని దానివలన నొక చిక్కు పుట్టినది. ఒక్కొక్క గడిగా నడచినచో ఎదుటిబంటు చేత చిక్కవలసినది, రెండుగడులు దుమికి దాని ప్రక్కగా తప్పించుకొనిపోవ మొదలిడెను. అప్పుడు దానికి విరుగుడుగా, అట్లు దాటిపోయిన బంటును అది ఒక్కగడియే నడచినట్లు భావించి మరుయెత్తులోనే పట్టుకొనవచ్చునని ఇంకొక నియమమును చేర్చిరి. ఇప్పటికిని చతురంగము నేర్చు పిల్లలకు మింగుడుపడని నియమమిది. మాకు మాత్రము, కొత్తనియమము పెట్టువాడు దానివలన ఎవరికి నష్టము కలిగినదో వెనుదిరిగి చూచి సరిదిద్దిన గుర్తుగా అది కనబడును. శాసనములు చేయువారు ఈ బంటునియమమును బల్లపై వ్రాసి పెట్టుకొనిన బాగుండును.

మన దేశమున మాత్రము బంటు ఇటీవలివరకు ఒక్కగడియే నడచెను. రాజు ఒక్కమారు గుర్రమువలె దుమకవచ్చునను నియమమును మన వారిలో నుండెను. ఈ దేశీయపద్ధతిలో ఆట నేర్చినవాడు పంజాబువాడగు మీర్ సుల్తాన్ ఖాన్. అతడు సర్ ఉమర్ హయాత్ ఖాను పరివారములోనివాడు. యజమానునివెంట 1929లో లండనుకు బోయి, ఆ సంవత్సరముననే బ్రిటిషు ఛాంపియనుషిప్పును గెలిచెను. 1932లోను 1933లోను మరల గెలిచెను. నడుమ హేస్టింగ్సులో, మునుపు ప్రపంచవిజేతయైన కాపబ్లాంకానుగూడ నోడించెను. అతనికి రెండడుగుల బంటు కొత్త. రాజునకు గుర్రపుదుముకు లేకపోవుట కొత్త. ఐనను ఎవరును అతనికి ఎత్తు నడుమ నియమము చెప్పలేదు. ముందుగా చెప్పిరి, అతడు నేర్చుకొనెను, గెలిచెను. పలకమీది నియమములు అతనికి న్యాయమే చేసినవని చెప్పవలెను. పలకకు వెలుపల నున్న నియమము వేరు. 1933 చివర యజమానుడు స్వదేశమునకు మరలగా అతడును మరలవలసివచ్చెను. గొప్ప పందెములలో అతడాడుట అంతటితో ముగిసినది. అతడు 1966లో గతించెను. గ్రాండ్‌మాస్టరను గౌరవబిరుదము 2024లో, చనిపోయిన 58 ఏండ్లకు వచ్చినది.

చతురంగకథ యంతయు చూచినపిదప మాకు తెలిసినదేమనగా, ప్రతి పాతనియమమును ఒకనాడు కొత్తదియే. ఇది అందరు చెప్పుమాట. దీని రెండవముఖమును మేమంతవరకు తలపోసి యుండలేదు. కొత్తగా వచ్చి కూర్చుండినవానికి ప్రతి పాతనియమమును కొత్తదియే. మా తాతగారి కాలమునుండి యున్న చంపుడునియమము, ఆ బాలికకు ఆ నిమిషమున, ఆమె నాలుగుకాయలు వాకిట నిలిచినతరువాత, పుట్టినది. 'అందరికి ఎరుకే' అను మాటలోని 'అందరు' ఎవరు? ముందుగా కూర్చుండినవారు. ఆమె ఆ లెక్కలో లేదు. నియమమునకు వేయేండ్లున్నను, చెప్పని నియమము ఆటనడుమ పెట్టిన నియమముతో సమానమే.

సంస్కృతము కొంత చదివినవారము గనుక మాకు సభాపర్వము జ్ఞప్తికి వచ్చినది. నన్నయ తెనిగించిన పర్వమే యగుటచే తెలుగువారికి అది పరాయిది గాదు. జూదమనగానే శకుని కపటమును, ధర్మరాజు వ్యసనమును మనము తలచుకొందుము గాని, అచ్చటి నియమవివాదములను అంతగా పట్టించుకొనము. పణము తనదనియు, తనకు బదులుగా మామ యాడుననియు దుర్యోధనుడు ప్రకటించెను. ఒకనికి బదులు మరియొకడాడుట తనకు సరిగా తోచుటలేదని ధర్మరాజు పలికెను. పలికియు, కానిమ్మని కూర్చుండెను. ఆటకు అప్పుడప్పుడే చేర్చిన నియమమది. అది విషమమని అతడెరుగును. ఎరిగియు, పిలిచిన జూదమునకు వెనుదీయనను వ్రతముచేత కట్టుబడినవాడగుటచే కాదనలేకపోయెను. పాచికలకంటె ముందు ఆ 'కానిమ్ము' అతని నోడించినది.

తరువాత ద్రౌపది. ఆమె పలకయొద్ద లేదు, ఆమెను అడిగినవారు లేరు. ధర్మరాజు తన్ను తానోడి, పిదప ఆమెను పణముగా నొడ్డెను. ప్రాతికామి పిలువవచ్చినప్పుడు ఆమె సభకు పంపిన ప్రశ్న కన్నీటి ప్రశ్న గాదు, ఆటనియమమును గూర్చిన ప్రశ్న. ముందుగా తన్ను తానోడెనా, నన్నోడెనా? సభలో శాస్త్రజ్ఞులున్నారు, వృద్ధులున్నారు. భీష్ముడు ధర్మము సూక్ష్మమైనదనియు, తాను నిశ్చయింపజాలననియు చెప్పెను. ధృతరాష్ట్రుని కొడుకులలోనే వికర్ణుడొకడు లేచి, ఆమె గెలువబడలేదని కారణములతో జెప్పగా, నీవు బాలుడవని కర్ణుడు కసరెను. ఎన్నిమారులో మేమీ ఘట్టమును తరగతిలో చెప్పియుందుము. చెప్పునప్పుడెల్ల భీష్ముని మౌనమును నిందించితిమి. మావంతు వచ్చినప్పుడు, భీష్ముడు చూపిన సందేహమునైన చూపజాలక, పుస్తకములోనికి తలవంచితిమి.

ముందుగా చెప్పినచో చాలునా? చాలదని ఆ పర్వములోని అనుద్యూతమే సాక్ష్యము. రెండవమారు నియమములను అందరు వినుచుండగనే చెప్పిరి. ఒక్కటే పందెము. ఓడినవారికి 12 ఏండ్లు వనవాసము, 13వ యేట అజ్ఞాతవాసము, బయటపడినచో మరల 12 ఏండ్లు. మొదటియాటకు చేర్చిన అనుబంధము వంటిదిది. దాపరికము లేదు. ఐనను దానిని న్యాయమైన యాట యనుటకు మనసొప్పదు. రమ్మన్నప్పుడు రాననుటకు త్రోవ లేనివానికి నియమములను ఎంత స్పష్టముగా చదివి వినిపించిన నేమి?

అక్బరు చక్రవర్తి కొలువుగూడ నిట్టిదే. మన చౌపటపై ఆయనకు మక్కువ. అది నలుగురి యాట. దానికి చాలక చండలమండల మను యాటను తానే కల్పించెనని అబుల్ ఫజలు 'ఐనీ అక్బరీ'లో వ్రాసెను. 16 పలకలను నడిమిచుట్టు వృత్తముగా పేర్చి, ఒక్కొక్క పలకలో 24 గడులు గీసి, 64 కాయలతో 16 మంది ఒక్కమారు ఆడునట్లు పెంచిన యాట. కల్పనాశక్తిని మెచ్చుకొనవలసినదే. కాని ఆ గ్రంథముననే, చౌపటకు కూర్చుండినవారు 16 ఆటలు ముగియనిదే ఇంటికి పోరాదనియు, కొందరికి అది 3 నెలలు పట్టుచుండెననియు, విసిగి కదలాడినవాడు ఒకగిన్నె మద్యము త్రాగవలసియుండెననియు గలదు. చక్రవర్తికి అది వినోదము. రెండవనెలలో మూడవగిన్నె త్రాగుచున్న సరదారున కదేమో మనకు తెలియదు. అతడు ఆత్మకథ వ్రాయలేదు.

నియమములు ఇరుపక్షములకు సమానముగా నుండవలెనని మేమనుటలేదు. పులిమేకలో ఒకనికి 3 పులులు, ఎదుటివానికి 15 మేకలు. పులి మేకను దుమికి చంపును. మేక పులిని చంపజాలదు, చుట్టుముట్టి కదలకుండ చేయగలదు, అంతియే. ఇంత అసమానమైన యాటను మన పల్లెవారు రచ్చబండలపై చెక్కుకొని తరములుగా నాడిరి, ఎవరును అన్యాయమనలేదు. ఏలయన, మరుయాటలో పులులవాడు మేకలు తీసికొనును. వంతు మారును. లోకములోని పులులు వంతు మార్చుకొనుటను మేము చూడలేదు.

ఇప్పుడు అంగడిలో దొరకు ఆటలలో నియమములను పెంచుట యొక వ్యాపారముగనే సాగుచున్నది. 1995లో జర్మనీలో క్లాస్ ట్యూబరు కల్పించిన 'కాటన్' అను నాటలో ఆటగాండ్రు ఒక ద్వీపమున ఊళ్లు కట్టి, కొయ్య, ఇటుక, గొర్రె, ధాన్యము, లోహము మార్చుకొందురు. కొలదికాలములోనే దానికి ఓడలును సముద్రమును చేర్చిన అనుబంధపు పెట్టె వచ్చెను. పిదప మరికొన్ని పెట్టెలు వచ్చినవి. హైదరాబాదులో ఉద్యోగము చేయు బంధువుల పిల్లలు సెలవులకు తెచ్చినప్పుడు మేమును ఆడిచూచితిమి. ఆట పెరుగుచున్నదో అంగడి పెరుగుచున్నదో తెలియని స్థితి కొంత లేకపోలేదు. కాని ఒక్కగుణము నచ్చినది. అనుబంధము వేరు పెట్టెలో నుండును. దానిని తెరచుటకు ముందు 'ఓడలతో నాడుదమా, ఓడలు లేక యాడుదమా' అని ఒకరు అడుగక తప్పదు. మొదటియాట చెడక అట్లే యుండును, కావలసినవారు దానినే యాడుకొందురు. అరుగులమీది యాటలకు పెట్టెలు లేవు. అన్ని యనుబంధములును మనుష్యుల జ్ఞాపకములలో కలగలసి యుండును. కావున అడుగుట మరచిపోదుము.

సంస్కరణమునకు ఎదురునిలుచువారు నేటికిని చెప్పునది, ఒక్కనియమము మార్చినచో ఆటయే పోవునని. కందుకూరి వీరేశలింగముగారి నెదిరించినవారు చెప్పినదియు అదియే. వితంతువుల పునర్వివాహమును అనుమతించు చట్టము 1856లోనే వచ్చెను. మన దేశభాగమున ఆయన రాజమహేంద్రవరమున తొలి పునర్వివాహము చేయించినది 1881 డిసెంబరు 11న. నడుమ 25 ఏండ్లు నియమము కాగితముపై నుండెను, ఆడువారు లేరు. కొత్తనియమమును వ్రాయుట సులభము. దానితో మొదటియెత్తు వేసి కూర్చుండు ధైర్యము వేరు. ఆనాటి పెద్దలు ఆచారము పాతదని వాదించినప్పుడు, ఆ యాచారమును పదేండ్ల ప్రాయమున మోయవలసిన పిల్లను, ఇది నీకు సమ్మతమా యని ఎవరైన అడిగిరా? ఆ పిల్లకు అది పాతయాచారము గాదు. ఆటనడుమ వచ్చి పడినది.

చిన్నయాటకు పెద్దయుదాహరణములు తెచ్చుచున్నామని చదువరులు అనుకొనవచ్చును. పిల్లలు న్యాయమును మొదట నేర్చునది గ్రంథములలో గాదు, గడులయొద్ద. అచ్చట మేము నేర్పినదేమి? ముందుగా వచ్చినవారి జ్ఞాపకమే చట్టమని నేర్పితిమి. అది ముగ్గురు మగపిల్లలకును హాని, ఆ బాలికకును హాని. వారి హాని కంటికి కనబడదు గనుక ఎక్కువ.

ఆ పిల్లను తరగతిలోనే, అందరియెదుట పిలిచి, ఆనాటి తీర్పు తప్పని చెప్పితిమి. పిల్లలయెదుట తప్పు ఒప్పుకొనుట ఉపాధ్యాయునకు తగదని మాతోటివారొకరు తరువాత హితవు చెప్పిరి. ఆ పిల్ల మాత్రము తలవంచుకొని, "అయిపోయింది గద సార్" అని కూర్చుండెను. ఆ మాటకు మాయొద్ద సమాధానము లేదు. ఆటను తిరిగి ఆడించవచ్చును గాని, ఆ నాలుగుకాయలు ఆ వాకిట మరల నిలువవు.

కొన్ని వారములకు ఆమె తానై గడులయొద్దకు వచ్చినది. అప్పటికి వసారాలో నొక వాడుక మొదలైయుండెను. గవ్వలు చేతపట్టుటకు ముందు, నలుగురును తమ తమ యిండ్ల నియమములను చెప్పవలెను. ఏవి యుంచవలెనో, ఏవి తీయవలెనో నిర్ణయించుకొనవలెను. చంపుడునియమము ఆమె కోరికపై తీసివేయుదురని మేమనుకొంటిమి. మగపిల్లలును అట్లే యనుకొని, ఆమెవైపు చూచిరి. "ఉండనీయుండ్రి. సంపుడుంటేనే మంచిగుంటది" అని ఆమె యనెను. ఆనాడు ఆమె ఆకుపచ్చగాజుముక్కలు వెలుపలివరుసలో చేసిన సంహారమును మేము కిటికీనుండి చూచితిమి. ముగ్గురును రెండేసిమారులు మొదటికి వచ్చిరి.

మొన్న వేసవికి ముందు, తల్లిగారి యూరు బీదరువైపు గల పిల్లవాడొకడు 7 గడుల పద్ధతిని తెచ్చెను. దానికి ఆరుగవ్వలు కావలెనని వాడును, నాలుగే చాలునని వీరును, మూడు అష్టలు చెల్లునా చెల్లవా యని వేరొకరును వాదమునకు దిగిరి. జతకాయల మాట వచ్చెను, ఆ పిల్ల దాని నొప్పుకొనలేదు. మధ్యాహ్నపు గంట మ్రోగువరకు ఒక్కగవ్వయు నేలబడలేదు. మరునాడు మేము బడికి పోవునప్పటికి వసారాలో ఏడేసి గడులు గీసియున్నవి. ప్రక్కగోడపై సుద్దతో, అక్షరదోషములతో, 5 నియమములు వ్రాసియున్నవి. నాలుగవది కొట్టివేసియుండెను.